చెయ్యి ఊపాక ఏమవుతుంది? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కిక్‌ఆఫ్‌లో ఫెయిర్ క్యాచ్ నియమాలు, మెట్టు మెట్టుగా

నిరుడు అక్టోబరులో ఒక శనివారం. స్టేడియంలో నా పక్క సీట్లో వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన జూనియర్ కూర్చున్నాడు. అతనికి అది మొదటి మ్యాచ్. కిక్‌ఆఫ్ పడింది, అంటే ఒక జట్టు బంతిని అవతలి జట్టు వైపు దూరంగా తన్నింది. అవతలి జట్టు కుర్రాడు తల మీద చెయ్యి ఊపి, 7 గజాల గీత దగ్గర బంతి పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. అంపైర్లు బంతిని తీసుకెళ్లి 25 గజాల గీత మీద పెట్టారు. మావాడు నా భుజం తట్టి, "7 మీద పట్టిండు గదన్నా, 25 మీద ఎట్లిచ్చిన్రు?" అన్నాడు. నేను చెప్పడం పూర్తయ్యేలోపే ఇంకో కిక్‌ఆఫ్. ఈసారి రిటర్నర్, అంటే తన్నిన బంతిని పట్టి పరుగెత్తేవాడు, చెయ్యి ఊపలేదు. బంతి చేతికి అందేలోపే ఒకడు వచ్చి గుద్దేశాడు, తప్పు జరిగిందని చెప్పే పసుపు రుమాలు నేల మీద పడింది. "ఊపలేదు గదా, మరి ఫ్లాగ్ ఎందుకేసిన్రు?"

ఈ రెండు ప్రశ్నలకూ సరిగ్గా జవాబు చెప్పగలిగితే కిక్‌ఆఫ్ మొత్తం అర్థమైనట్టే. ఏళ్ల తరబడి శనివారాలు చూస్తున్నవాళ్లు కూడా రెండోదాన్ని తప్పుగా చెబుతారు. అందుకే ఆ రోజు ఆ అబ్బాయికి చెప్పిందంతా ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను. ఇవి అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ పెట్టిన, 2025 సీజన్ నాటి నియమాలు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఇవి వర్తించవు. ఆ తేడా చివర్లో చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఫెయిర్ క్యాచ్ అంటే రెండు వైపులా కట్టుబడాల్సిన ఒప్పందం. బంతి పట్టేవాడు చెయ్యి ఊపి "నేను పరుగెత్తను" అంటాడు. ఎదురుగా దూసుకొస్తున్నవాళ్లు "అయితే నిన్ను ముట్టుకోం" అనాలి. నియమావళి కూడా ఫెయిర్ క్యాచ్ ఉద్దేశాన్ని ఇలాగే చెబుతుంది: ముందుకు పరుగెత్తనని ఒప్పుకున్న ఆటగాడిని కాపాడటానికే ఇది. కింద వచ్చే చిక్కు నియమాలన్నీ ఈ ఒప్పందాన్ని ఎవరు ఎక్కడ తప్పారన్న ప్రశ్న నుంచి పుట్టినవే.

ముందు కొలతలు

యార్డు అంటే మన గజమే, మూడు అడుగులు. హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు అంటే చదరపు గజాలు, ఇక్కడ పొడవు గజాలు. అంతే తేడా. మైదానం 100 గజాల పొడవు, 53 గజాల ఒక అడుగు వెడల్పు. రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్లు. గీతల అంకెలు ఒక గోల్ గీత దగ్గర మొదలై మధ్యలో 50 దాకా పెరిగి, మళ్లీ అవతలి గోల్ గీత వైపు తగ్గుతూ పోతాయి.

తన్నే జట్టు తన 35 గజాల గీత మీద నుంచి తన్నుతుంది. అక్కడి నుంచి అవతలి గోల్ గీత 65 గజాలు. పట్టే జట్టు కనీసం పది గజాల అవతల, అంటే తన్నే జట్టు 45 గీత వెనక ఉండాలి. కిక్కర్ తప్ప అతని జట్టువాళ్లెవరూ తమ గీతకు అయిదు గజాల కంటే వెనక నిలబడకూడదు. కిక్కర్‌కి అటు కనీసం నలుగురు, ఇటు కనీసం నలుగురు ఉండాలి. దూరం నుంచి ఊపు తీసుకుని వచ్చి గుద్దకుండా, అందరూ ఒక పక్కనే మూగకుండా ఈ ఏర్పాటు. ఇంతకు మించి ఇప్పుడు అక్కర్లేదు.

మొదటి మెట్టు: బంతిని వదిలేసి మనిషిని చూడండి

కొత్తగా చూసేవాళ్లంతా బంతి వెంట తల తిప్పుతారు. మంచి కిక్ దాదాపు నాలుగు సెకన్లు గాల్లో ఉంటుంది. అంతసేపూ ఆకాశం చూస్తే అసలు నిర్ణయం జరిగే క్షణం జారిపోతుంది. తన్నిన చప్పుడు వినగానే చూపు కింద నిలబడ్డ రిటర్నర్ మీదికి, ముఖ్యంగా అతని చేతుల మీదికి మళ్లించండి. బంతి ఎటూ అతని దగ్గరికే వస్తుంది.

రెండో మెట్టు: ఆ చెయ్యి ఏం చెప్పింది?

చెల్లుబాటయ్యే సంకేతానికి నియమం చాలా కచ్చితంగా ఉంది. ఒక్క చెయ్యే ఎత్తాలి. అది తలకంటే పైకి స్పష్టంగా కనబడాలి. ఒంటికి అటూ ఇటూ, ఒకసారి కంటే ఎక్కువ ఊపాలి. ఈ మూడూ ఉంటేనే అది ఫెయిర్ క్యాచ్ సంకేతం. చెయ్యి ఎత్తి ఊరుకుంటే చాలదు. రెండు చేతులూ ఊపితే చెల్లదు. నడుము దగ్గర చెయ్యి ఆడించినా చెల్లదు. బంతి నేలకు తగిలాకో, వేరే ఆటగాడికి తగిలాకో ఊపడం మొదలుపెట్టినా అది చెల్లని సంకేతమే.

అసలు మెలిక ఇక్కడుంది. చెల్లని సంకేతం అంటే సంకేతమే ఇవ్వనట్టు అని చాలామంది అనుకుంటారు. కాదు. చెయ్యి ఊపితే, అది సరిగ్గా ఊపినా తప్పుగా ఊపినా, ఆ జట్టుకి పరుగెత్తే హక్కు పోతుంది. బంతి పట్టిన చోటే, లేదా నేల మీద నుంచి తీసుకున్న చోటే ఆట ఆగిపోతుంది. ముందు పట్టుకుని తర్వాత ఊపితే, ఊపిన క్షణంలోనే ఆగుతుంది. తప్పుగా ఊపినవాడికి ఒప్పందంలోని బరువు మొత్తం మీద పడుతుంది, లాభం మాత్రం రాదు. సరిగ్గా ఊపి 7 మీద పట్టుకుంటే బంతి 25 మీదికి వస్తుంది. రెండు చేతులూ ఊపి 7 మీద పట్టుకుంటే అది ఫెయిర్ క్యాచ్ కాదు, బంతి 7 మీదే. ఒక్క చేతి తేడాతో 18 గజాలు పోతాయి. అందుకే కోచ్‌లు ఈ చెయ్యి ఊపడాన్ని కూడా ప్రాక్టీసులో పదేపదే చేయిస్తారు.

కిక్ తక్కువ ఎత్తులో దొర్లుకుంటూ వస్తోందనుకోండి. రిటర్నర్ తన పక్కవాళ్లకు "బంతి జోలికి రావద్దు, పక్కకి జరగండి" అని చేతులు ఆడిస్తాడు. తర్వాత అదే బంతిని తీసుకుని పరుగు పెడతాడు. జనం లేచి అరుస్తారు, ఈల మోగుతుంది, పరుగంతా లెక్కలోకి రాదు. ఎందుకంటే ఆ ఊపడాన్ని చెల్లని సంకేతంగా తీసుకుంటారు. ఎదుటి జట్టుకి అది ఆగమన్నట్టు కనబడుతుంది కదా. అలా ఆగిన మనుషుల మధ్య నుంచి పరుగెత్తితే మోసమే అవుతుంది. 2025లో దీనికి తోడు ఇంకొక నియమం వచ్చింది. కిక్ గాల్లో ఉండగా పట్టే జట్టులో ఎవరైనా సరే రెండు చేతులతో ఇంగ్లిష్ అక్షరం 'టీ' ఆకారం చూపిస్తే, ఆ జట్టు రిటర్న్ హక్కు వదులుకున్నట్టే. ఈల ఊది ఆపేస్తారు. రిటర్నర్ చూపించాల్సిన పని కూడా లేదు, పక్కవాడు చూపించినా చాలు.

ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. మిట్టమధ్యాహ్నం మ్యాచుల్లో రిటర్నర్లు కళ్లకు ఎండ తగలకుండా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఊపకుండా నిలిపి ఉంచినంతవరకు అది సంకేతం కాదు. బంతి బతికే ఉంటుంది, పరుగెత్తవచ్చు.

మూడో మెట్టు: ఎక్కడ పట్టాడు?

సంకేతం సరిగ్గా ఇచ్చాడు, బంతి గాల్లోనే పట్టాడు. ఇప్పుడు అతని కాళ్ల కింద ఉన్న గీత చూడండి. 25 గజాల గీతకూ తన గోల్ గీతకూ మధ్య ఎక్కడ పట్టినా, లేదా ఎండ్ జోన్‌లో పట్టినా, దాన్ని టచ్‌బ్యాక్‌గా, అంటే పరుగు లేకుండానే నిర్ణీత చోట బంతి దక్కేదిగా లెక్కించి బంతిని 25 మీద పెడతారు. 25 దాటి, అంటే 31 మీదో 38 మీదో పడితే, పట్టిన చోటే. మా జూనియర్ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ నియమం 2018లో వచ్చింది. అంతకుముందు 7 మీద ఫెయిర్ క్యాచ్ పడితే 7 మీదే ఆడాలి. అందుకే కిక్‌ఆఫ్‌లో ఎవరూ చెయ్యి ఊపేవాళ్లు కాదు, ఊపడం నష్టం కాబట్టి. మంచి కిక్కర్ ఉన్న జట్లు కావాలనే బంతిని ఎత్తుగా, గోల్ గీతకు కాస్త ముందు పడేలా తన్నేవి. రిటర్నర్ పరుగు మొదలుపెట్టేలోపే పదిమంది మీద పడి 15 దగ్గరో 18 దగ్గరో ఆపేసేవాళ్లు. ఆ ఎత్తుగడకు 2018 నియమం చాలావరకు అడ్డుకట్ట వేసింది.

ఇంత దూరం ఎందుకు వెళ్లారంటే, కిక్‌ఆఫ్ ఈ ఆటలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టాల్లో ఒకటి. రెండు వైపుల నుంచీ మనుషులు నలభై, యాభై గజాలు పూర్తి వేగంతో పరుగెత్తుకొచ్చి ఢీకొంటారు. 2010 అక్టోబరు 16న ఆర్మీ (సైనిక అకాడమీ జట్టు)తో మ్యాచ్‌లో రట్గర్స్ యూనివర్సిటీ ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్ కిక్‌ఆఫ్ మీద రిటర్నర్‌ని ఆపబోయి మెడ విరిగి, మెడ కిందంతా చచ్చుబడిపోయాడు. అప్పటికి అతనికి 20 ఏళ్లు. అతని కోచ్ గ్రెగ్ షియానో ఆ తర్వాత కిక్‌ఆఫ్‌నే తీసేయాలని బహిరంగంగా వాదించారు. రట్గర్స్ 2013లో లెగ్రాండ్ వేసుకున్న 52 నంబరును ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. ఆ జట్టు చరిత్రలో అలా గౌరవం పొందిన మొదటి నంబరు అదే.

2012లో కిక్‌ఆఫ్ గీతను 30 నుంచి 35కి జరిపారు, టచ్‌బ్యాక్‌కి ఇచ్చే చోటును 20 నుంచి 25కి పెంచారు. బంతి ఎండ్ జోన్ దాకా పోవాలి, పట్టినవాడికి అక్కడే ఆగాలనిపించాలి, అదీ ఉద్దేశం. ఐవీ లీగ్ అనే కాలేజీల బృందం 2016లో ఇంకో అడుగు వేసి తన మ్యాచుల్లో కిక్‌ఆఫ్‌ని 40 నుంచి పెట్టింది, టచ్‌బ్యాక్‌ని మళ్లీ 20కి తగ్గించింది. అంతకుముందు మూడు సీజన్లలో ప్రతి 1,000 కిక్‌ఆఫ్‌లకు దాదాపు 11 కంకషన్లు, అంటే తలకు తగిలే అదురు దెబ్బలు, నమోదయ్యేవి. ఆ తర్వాతి రెండు సీజన్లలో అది దాదాపు 2కి పడిపోయింది. ఈ లెక్కలు 2018లో వైద్య పత్రిక జామాలో వచ్చాయి. ఇద్దరు ముగ్గురు భుజం భుజం కలిపి రిటర్నర్ ముందు గోడలా పరుగెత్తే పద్ధతి కూడా అలాగే పోయింది. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది గోడను 2010లోనూ, ఇద్దరి గోడను 2019లోనూ నిషేధించారు.

కిక్‌ఆఫ్ రిటర్న్ చూడటం నాకు చాలా ఇష్టం. 1982 నవంబరు 20న కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) జట్టు చివరి సెకన్లలో అయిదుసార్లు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ, అప్పటికే మైదానంలోకి వచ్చేసిన స్టాన్‌ఫర్డ్ బ్యాండు మధ్య నుంచి పరుగెత్తి 25-20తో గెలిచింది కిక్‌ఆఫ్ మీదే. అలాంటివి ఇప్పుడు తగ్గాయని బాధపడేవాళ్ల మనసు నాకు తెలుసు. అయినా 20 ఏళ్ల పిల్లాడి మెడతో పోల్చితే 18 గజాలు ఉచితంగా ఇవ్వడం పెద్ద ఖరీదేమీ కాదని నా నమ్మకం.

నాలుగో మెట్టు: నిజంగా పట్టాడా? ఎవరు పట్టారు?

టచ్‌బ్యాక్ లాభం ఫెయిర్ క్యాచ్‌కే. ఫెయిర్ క్యాచ్ అంటే చెల్లే సంకేతం ఇచ్చిన ఆటగాడు, ఇంకెవరికీ తగలని కిక్‌ని, నేలకు తగలకముందే పట్టడం. ఇందులో ఒక్కటి తప్పినా లెక్క మారుతుంది.

ఒకడు ఊపితే పక్కవాడు పట్టాడనుకోండి. బంతి అక్కడే ఆగిపోతుంది, పరుగు లేదు. కానీ పట్టినవాడు ఊపలేదు కాబట్టి అది ఫెయిర్ క్యాచ్ కాదు, పట్టిన చోటే ఆడాలి. కాబట్టి ఇద్దరు రిటర్నర్లు పక్కపక్కనే నిలబడ్డప్పుడు ఎవరిది ఎవరిదో ముందే గట్టిగా అరిచి చెప్పుకుంటారు.

ఊపినవాడి చేతుల్లోంచి బంతి జారి పైకి లేచిందనుకోండి. దీన్ని మఫ్ అంటారు. ఇక్కడ నియమం అతని పక్షానే ఉంది. బంతి ఇంకా గాల్లో ఉన్నంతవరకు, దాన్ని పట్టే అవకాశం అతనికి ఉన్నంతవరకు ఎవరూ అడ్డుపడకూడదు. రెండో ప్రయత్నంలో పడితే, మొదట ఎక్కడ తగిలిందో ఆ చోటుని లెక్కలోకి తీసుకుంటారు. బంతి నేలకు తగిలిన మరుక్షణం ఈ రక్షణ పోతుంది. అప్పుడది ఎవరు ముందు పడితే వాళ్లది. తన్నే జట్టు తీసుకుంటే బంతి వాళ్లది, కాకపోతే దాన్ని పట్టుకుని ముందుకు పరుగెత్తలేరు, తీసుకున్న చోటే ఆట ఆగుతుంది. సంకేతం ఇచ్చిన జట్టే తిరిగి తీసుకుంటే కూడా అక్కడే ఆగుతుంది, 25కి మాత్రం రాదు.

ఇక సంకేతం ఇచ్చినవాళ్ల మీద ఉన్న బాధ్యతలు రెండు. ఒకటి, పట్టాక రెండడుగులకు మించి బంతితో కదలకూడదు. కదిలితే ఆట ఆలస్యం చేసినట్టు లెక్క, అయిదు గజాల పెనాల్టీ. రెండోది చాలామంది గమనించనిది. ఊపినవాడు బంతిని ముట్టుకోకపోతే ఆ ఆటలో ఎదుటివాళ్లెవరినీ బ్లాక్ చేయకూడదు. "నన్ను ముట్టుకోకండి" అని చెయ్యెత్తి, ఎదుటివాడు ఆగగానే వెళ్లి అతన్నే నెట్టేయడం ఒప్పందాన్ని కత్తిలా వాడుకోవడమే. దానికి 15 గజాలు.

అయిదో మెట్టు: అడ్డుపడ్డారా?

ఇప్పుడు రెండో ప్రశ్న. రిటర్నర్ చెయ్యి ఊపలేదు, మరి ఫ్లాగ్ ఎందుకు?

క్రికెట్‌లో మనకు తెలిసిన సంగతితో మొదలుపెడదాం. ఫీల్డర్ క్యాచ్ పట్టబోతుంటే బ్యాటర్ కావాలని అడ్డుపడితే అవుట్ ఇస్తారు. ఫీల్డర్ ముందుగా చెయ్యెత్తి అనుమతి అడగాలని ఎవరూ అనరు, క్యాచ్ పట్టే అవకాశం అతని హక్కు. ఇక్కడా అంతే. కిక్ పట్టగలిగే చోట ఉన్న రిటర్నర్‌కి ఏ అడ్డూ లేకుండా పట్టే అవకాశం ఇవ్వాలి. ఆ హక్కు చెయ్యి ఊపడం వల్ల వచ్చేది కాదు, ఊపినా ఊపకపోయినా ఉంటుంది. చెయ్యి ఊపితే అదనంగా దొరికేది, పట్టిన తర్వాత కూడా ఎవరూ కొట్టకూడదన్న రక్షణ. ఊపకపోతే, బంతి తగిలిన మరుక్షణం నుంచి అతన్ని కొట్టవచ్చు. అంతకుముందు మాత్రం కాదు.

అడ్డు అంటే ఎంత దూరం? రిటర్నర్ భుజాల వెడల్పు ఎంతో అంత వెడల్పు, అతని ముందు ఒక గజం పొడవు. ఆ పెట్టెలోకి తన్నే జట్టువాడు అడుగు పెట్టకూడదు. మా ఇంట్లో హాల్లో జూనియర్‌ని సోఫా ముందు నిలబెట్టి, అతని బొటనవేళ్ల దగ్గర నుంచి టేపుతో మూడు అడుగులు కొలిచి, అక్కడ ఒక దిండు పెట్టాను. ఆ దిండు దగ్గర నేను నిలబడితే నా ఊపిరి అతనికి వినబడేంత దగ్గర. అంత దగ్గరికి హెల్మెట్ పెట్టుకున్న మనిషి పూర్తి వేగంతో వస్తుంటే, తలెత్తి ఆకాశంలో బంతిని చూడాలి. అలా నిలబడి చూశాక, గజం అంటే ఎక్కువేమో అన్న మాట అతను మళ్లీ అనలేదు. 2003 దాకా పంట్‌ల (చేతిలోంచి వదిలి తన్నే కిక్‌ల) విషయంలో రెండు గజాల వలయం ఉండేది, తర్వాత దాన్ని తీసేశారు. ఇప్పుడున్నది ఈ ముందువైపు గజమే.

ఆ పెట్టెలోకి రాకుండా పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ వచ్చి తాకినా తప్పే, బంతి తగలకముందు తాకితే. బంతి, మనిషి సరిగ్గా ఒకే క్షణంలో తగిలితే? అదీ తప్పే. తాకకపోయినా, బంతి వైపు వెళ్లడానికి రిటర్నర్ అతన్ని చుట్టి వెళ్లాల్సి వస్తే అదీ అడ్డే. అంపైర్‌కి ఎటూ తేలకపోతే ఏం చేయాలో కూడా నియమావళిలోనే రాసి ఉంది: సందేహం ఉంటే తప్పు కిందే లెక్క. అంటే సందేహం ఎప్పుడూ బంతి పట్టేవాడి పక్షానే.

తప్పు కాని సందర్భం ఒకటుంది. పట్టే జట్టువాడే ఎదుటివాణ్ని నెట్టి, ఆ తోపుకి అతను రిటర్నర్ మీద పడితే అది అడ్డుపడటం కాదు. రీప్లే చూసేటప్పుడు గుద్దినవాడి వెనక ఎవరు ఉన్నారో చూడకుండా తీర్పు చెప్పకండి.

ఊపని రిటర్నర్‌కి ఈ రక్షణ బంతి నేలకు తగలగానే పోతుంది, లేదా పట్టే జట్టులో ఎవరి చేతి నుంచైనా మఫ్ అవగానే పోతుంది. ఊపినవాడికి మఫ్ తర్వాత కూడా రక్షణ ఉంటుందని పైన చెప్పాను కదా, ఒప్పందం చేసుకున్నవాడికీ చేసుకోనివాడికీ తేడా ఇక్కడే కనబడుతుంది.

ఇక తలతో గుద్దడం సంగతి. కిక్ పట్టబోతున్నవాడిని, పట్టి ఇంకా తనను తాను కాపాడుకునే వ్యవధి దొరకనివాడిని నియమాలు రక్షణ లేని ఆటగాడిగా లెక్కిస్తాయి. అతని తల, మెడ భాగం మీద బలంగా దాడి చేస్తే అది టార్గెటింగ్. 15 గజాలతో పాటు ఆ ఆటగాడు మ్యాచ్ నుంచి బయటకు వెళ్లాలి. అడ్డుపడటం, టార్గెటింగ్ రెండూ ఒకే దెబ్బలో జరగవచ్చు.

ఆరో మెట్టు: ఫ్లాగ్ పడింది, బంతి ఎక్కడ?

తప్పు రెండు గోల్ గీతల మధ్య జరిగితే, తప్పు జరిగిన చోటు నుంచి 15 గజాలు ముందుకి, పట్టే జట్టుదే బంతి, ఫస్ట్ డౌన్, అంటే దాడికి మొదటి ప్రయత్నం. రిటర్నర్ ఊపకుండా తన 18 మీద నిలబడ్డాడు, బంతి రాకముందే గుద్దారు. 18కి 15 కలిపితే 33. ఎండ్ జోన్‌లో తప్పు జరిగితే ముందు టచ్‌బ్యాక్ ఇచ్చి 25 మీద పెట్టి, అక్కడి నుంచి 15 కలుపుతారు. మొత్తం 40. రిటర్నర్ తట్టుకుని నిలబడి, బంతి పట్టి అరవై గజాలు పరుగెత్తాడనుకోండి, అతని జట్టు పెనాల్టీ వద్దని చెప్పి పరుగునే ఉంచుకోవచ్చు.

ఫెయిర్ క్యాచ్ పూర్తయ్యాక కొడితే అది వేరే తప్పు. ముందు బంతి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి, ఆ చోటు నుంచి 15 గజాలు. 7 మీద సరైన ఫెయిర్ క్యాచ్, తర్వాత దెబ్బ అంటే 25 నుంచి 40కి.

రిఫరీ మైకులో చెప్పేది జనం హోరులో వినబడకపోతే అతని చేతులు చూడండి. రెండు అరచేతులూ భుజాల దగ్గర నుంచి ముందుకి నెట్టినట్టు చూపిస్తే అది అడ్డుపడటం.

ఏడో మెట్టు: ఆన్‌సైడ్ కిక్

ఓడిపోతున్న జట్టు చివరి నిమిషాల్లో బంతిని మళ్లీ తనే దక్కించుకోవడానికి దగ్గరగా తన్నే కిక్ ఇది. తన్నే జట్టు బంతిని ముట్టుకోవాలంటే అది పది గజాలు దాటాలి, లేదా ముందుగా పట్టే జట్టువాడికి తగలాలి. ఆ లోపల తన్నే జట్టువాళ్లు బ్లాక్ చేయకూడదు కూడా. చేస్తే అయిదు గజాలు.

నేరుగా గాల్లోకి లేపి పది గజాలు దాటాక పడేలా తన్నితే, కింద నిలబడ్డవాడికి పైన చెప్పిన రక్షణంతా ఉంటుంది. చెయ్యి ఊపి ఫెయిర్ క్యాచ్ పడితే ఆట అక్కడితో సరి. అందుకని కిక్కర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. బంతిని టీ (బంతిని నిలబెట్టే చిన్న స్టాండు) మీద నుంచి ముందు నేలకేసి బలంగా తన్నుతారు. ఒక్కసారి నేలను తాకి అది ఎత్తుగా లేస్తుంది. నేలకు తగిలింది కదా, రక్షణ పోయింది అన్న లెక్కతో, బంతి కోసం తలెత్తి చూస్తున్నవాణ్ని నిర్భయంగా గుద్దేవాళ్లు. నియమావళి ఈ తలుపు మూసేసింది. టీ మీద నుంచి వెంటనే నేలకు కొట్టి, ఒక్కసారే తగిలి, నేరుగా తన్నిన బంతిలా గాల్లోకి లేస్తే, దాన్ని గాల్లోకి తన్నిన కిక్‌గానే లెక్కించాలి. క్యాచ్ పట్టే హక్కూ ఉంటుంది, ఫెయిర్ క్యాచ్ హక్కూ ఉంటుంది. రెండోసారి నేలకు తగిలితే మాత్రం ఆ రక్షణ లేదు. కాబట్టి ఆన్‌సైడ్ కిక్ రాగానే నేను నేల మీద తాకిడులు లెక్కపెడతాను. ఒకటి, పైకి లేచిందా? అయితే ఎవరైనా చెయ్యి ఊపాడా అని చూస్తాను. రెండు అయితే ఇక తోపులాటే.

ఉదాహరణకి, ఒక్క తాకిడితో లేచిన బంతి కోసం పట్టే జట్టువాడు తన్నే జట్టు 47 మీద నిలబడ్డాడు. బంతి అందేలోపు అతన్ని గుద్దారు. అక్కడి నుంచి 15 గజాలు తన్నే జట్టు గోల్ వైపు, అంటే వాళ్ల 32 మీద పట్టే జట్టుకి బంతి. తన్నే జట్టువాడు ఎవరినీ తాకకుండా, కింద కాచుకుని ఉన్నవాడి ముందు నుంచి బంతిని గాల్లోనే లాక్కున్నా అదే తప్పు. అయితే ఆ బంతి పట్టగలిగేంత దగ్గరలో పట్టే జట్టువాడు ఎవరూ లేకపోతే, పది గజాలు దాటిన బంతిని తన్నే జట్టు గాల్లో పట్టడంలో తప్పు లేదు.

ఆదివారం చూసేటప్పుడు

శనివారం నేర్చుకున్నది ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌కి వాడితే తప్పులో కాలేస్తారు. 2024 నుంచి అక్కడ కిక్‌ఆఫ్ ఆకారమే వేరు. కిక్కర్, రిటర్నర్లు తప్ప రెండు జట్ల ఆటగాళ్లూ దగ్గరగా ఎదురెదురుగా నిలబడతారు, బంతి పట్టేదాకా, లేదా నేలకు తగిలేదాకా కదలరు. ఫెయిర్ క్యాచ్ అసలు లేదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోలో మన కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు హైస్కూలు జట్టులో ఆడుతుంటే ఈ వ్యాసం మీకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే టెక్సస్ ప్రభుత్వ హైస్కూళ్లు కొన్ని మార్పులతో ఎన్‌సీఏఏ నియమాలే పాటిస్తాయి. మిగతా రాష్ట్రాల హైస్కూళ్లలో చాలావరకు వేరే నియమావళి ఉంటుంది, కిక్‌ఆఫ్ 40 నుంచి, టచ్‌బ్యాక్ 20 మీద. అక్కడ కోచ్‌ని అడిగి తెలుసుకోండి.

ఇక మీరే చెప్పి చూడండి

కిక్ ఎత్తుగా వచ్చింది. రిటర్నర్ తన 9 గీత దగ్గర ఒక్క చెయ్యి తల మీదికెత్తి మూడుసార్లు ఊపాడు. బంతి వేళ్లకు తగిలి ముందుకి ఎగిరింది. గాల్లో ఉన్న బంతి కోసం అతను 12 గీత దగ్గర చేతులు చాస్తుండగా, తన్నే జట్టువాడు వచ్చి భుజంతో గుద్దాడు. బంతి 12 మీద నేల మీద పడింది, గుద్దినవాడే దాని మీద పడుకున్నాడు. స్టేడియంలో సగం మంది బంతి తమదేనని ఎగురుతున్నారు.

మా జూనియర్‌కి ఇదే అడిగాను. అతను ఒక నిమిషం ఆలోచించి, వేళ్ల మీద లెక్క వేసి చెప్పాడు. "ఒక్క చెయ్యే ఊపిండు, తలమీదికెత్తి. మఫ్ అయినా బంతి గాల్లనే ఉంది కాబట్టి పట్టే హక్కు ఇంకా ఉంది. అది నేలకు తగలకముందే గుద్దిండు. తప్పు 12 మీద జరిగింది. 27 మీద వీళ్లకే, ఫస్ట్ డౌన్ అన్నా."